బయట అని రాసి ఉన్న వైపు

తాళంచెవి చేతికిచ్చిన రోజు
కంపెనీ అమ్మాయి నన్ను హాల్లో నిలబెట్టి ఫోటో తీసింది.
వెనక తలుపు మూసే ఉంది.
అయినా ఫోటోలో నా కండువా
కొంచెం ఎగురుతోంది.
ఎవరం చూసుకోలేదు.

లెర్విక్ ఊరికి పైన, మొన్నటిదాకా గొర్రెలు మేసిన వాలు మీద
వరసగా పద్నాలుగు కొత్త ఇళ్ళు. నాది చివరిది.
చివరిదంటే
ఉత్తర సముద్రం మొదట పలకరించేది.
యాభైమూడేళ్ళకి
ఫెర్రీ టికెట్లు చింపి చింపి కొనుక్కున్న గడప.

షెట్లాండ్‌లో గాలికి ఎవరూ జడవరు.
బయట ఉన్నంతసేపూ అది మా మనిషే.
బట్టలారేస్తుంది, పొగమంచు ఊడుస్తుంది,
అప్పుడప్పుడు కోళ్ళగూడు ఎత్తుకుపోతుంది.
ఇది ఆ గాలి కాదు.
తలుపు కింద బోర్లా పడుకుని
చీలమండల కోసం తడుముకునే గాలి.
సూప్ గిన్నె బల్ల మీదికి చేరేలోగా
ఆవిరి మెట్ల వైపు వాలిపోయేది.

కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను.
మొదటిదానికి ఒక కుర్రాడు వచ్చి
తలుపు మీద అరచెయ్యి ఆనించి
"కొత్తది కదా, సర్దుకుంటుంది" అన్నాడు,
చెప్పుల జత గురించి చెప్పినట్టు.
రెండోదానికి వచ్చినాయన కొలిచి చూసి
"మూడు మిల్లీమీటర్లు, పరిమితిలోనే ఉంది" అని రాసుకుపోయాడు.
ఆ సంగతి గాలికి ఎవరూ చెప్పినట్టు లేదు.
మూడోదానికి ఎవరూ రాలేదు.

స్పాంజి పట్టీ అంటించాను. తలుపు పడలేదు.
పీకేశాను. జిగురు మిగిలింది.
ఉత్తరాలు వేసే కంతకి లోపల ఫెల్టు ముక్క కుట్టాను.
చివరికి, మా అమ్మ అల్లుతూ అల్లుతూ వదిలేసిన
స్వెటర్ చెయ్యి ఒకటి ఉంటే
ఇసక నింపి గడప మీద పడుకోబెట్టాను.
పాములే లేని ఈ దీవిలో
పక్కింటి పిల్లాడు దాన్ని చూసి పామన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం లౌరీ వచ్చాడు.
అరవై ఏళ్ళు పడవలు కట్టిన చేతులు,
ఇప్పుడు టీ కప్పు సగమే నింపి ఇవ్వాలి.
టీ ముట్టలేదు. మణికట్టు నాలుకతో తడిపి
ద్వారబంధం చుట్టూ మెల్లగా తిప్పాడు.
"పడవైతే ఈపాటికి అడుగున ఉండేదానివి, ఓస్లా."

నన్ను తలుపు ఎత్తి పట్టుకోమని
మడతబందుల్లో స్క్రూ పావు చుట్టు బిగించాడు.
గొళ్ళెం దిగే ఇనప పలకని
గోరు మందం లోపలికి జరిపాం.
సందులో కాగితం పెట్టి, తలుపేసి లాగి చూశాం.
పైన బిగుసుకుంది. మధ్యలో బిగుసుకుంది.
కింద మాత్రం
వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

అప్పుడు మోకాళ్ళ మీద కూలబడి
రబ్బరు అంచు గోటితో పట్టి లాగాడు.
మూరెడు ఊడొచ్చింది.
దాని మీద సన్నగా తెల్లటి అచ్చు.
నేను కళ్ళద్దాలు తెచ్చుకునేదాకా ఆగాడు.

బయట.
బయట. బయట. బయట.
బెత్తెడుకోసారి అదే మాట,
ఎనిమిది నెలలుగా
నా హాలు వైపు తిరిగి.

నేల మీదే కూర్చుని నవ్వాం,
లౌరీకి దగ్గొచ్చేదాకా.
గాలిని ఎన్ని తిట్టాను!
చదువుకున్న గాలి, పాపం.
బోర్డు ఎటు చూపిస్తే అటు వచ్చింది.

తిప్పి పెట్టాం. సబ్బునీళ్ళు రాసి, వేలితో అదుముతూ,
మూల దగ్గర అతని చెయ్యి వణికితే నా చెయ్యి,
నా మోకాలు పట్టేస్తే అతని చెయ్యి.
తలుపేస్తే ఒక చప్పుడొచ్చింది.
ఫెర్రీ వచ్చి రేవు రబ్బరుకి ఆనినప్పుడు
రోజూ వినేదే.
ఇంట్లో వినడం మొదటిసారి.

చీకటి పడ్డాక పక్కింటి థీనా వచ్చింది.
ఎంతసేపటినుంచో తలుపు తడుతోందట.
చేతిలో టిష్యూ కాగితం పీలికలు,
"మా తలుపు కూడా..." అంది.

లౌరీ అప్పటికే కోటు వేసుకుంటున్నాడు.
ఇంకా పదమూడు తలుపులు.
నేను సబ్బు గిన్నె, కళ్ళద్దాలు తీసుకున్నాను.
మెట్లు దిగగానే గాలి కండువా పట్టుకుంది.
పట్టుకోనీ.